షేర్ చేసిన ఫోల్డర్ రావడం లేదా? ముందు ఐపీతో తెరిచి చూడండి

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'నెట్‌వర్క్' నొక్కినప్పుడు ఫోల్డర్ ఉన్న కంప్యూటర్ పేరు రాకపోతే, చాలామంది వెంటనే షేరింగ్ సెట్టింగులన్నీ కెలికేస్తారు. తొందరపడకండి. ఆ జాబితాలో పేరు కనబడటం వేరు, ఫోల్డర్ తెరుచుకోవడం వేరు. ఏది చెడిందో ముందు తేల్చుకోవాలి.

ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఐపీకాన్ఫిగ్' (ipconfig) కమాండ్ కొడితే ఐపీవీ4 అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ చిరునామా (ఐపీ) వస్తుంది. అది 192.168.1.20 అనుకుందాం. రెండో కంప్యూటర్‌లో విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి \\192.168.1.20 అని కొట్టండి. ఫోల్డర్లు వచ్చేశాయా? అయితే షేరింగ్ బాగానే ఉంది, పేరు దగ్గరే తేడా. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో 'ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్' సర్వీసును ఆటోమేటిక్‌లో పెడితే సాధారణంగా పేరు కనబడుతుంది. లేదంటే ఐపీతోనే డ్రైవ్ మ్యాప్ చేసుకోండి, అంటే ఆ ఫోల్డర్‌ని మీ కంప్యూటర్‌లో ఒక డ్రైవ్‌లా పెట్టుకోండి. అప్పుడు రౌటర్‌లో ఆ ఐపీని రిజర్వ్ చేయడం మరవకండి, లేకపోతే అది ఎప్పుడో ఒకరోజు మారిపోతుంది.

ఐపీతోనూ రాకపోతే దారే మూసుకుందన్నమాట. అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ అందలేదు. కేబుల్, వైఫై చూడండి. ఒకటి గెస్ట్ వైఫైలో ఉంటే రౌటరే రెండింటినీ కలవనివ్వదు. అవేవీ కాకపోతే ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ 'పబ్లిక్'లో ఉందేమో చూసి 'ప్రైవేట్'కి మార్చండి. ఫైల్ షేరింగ్ టీసీపీ పోర్ట్ 445 (నెట్‌వర్క్ నుంచి లోపలికి వచ్చే ఒక ద్వారం) మీద నడుస్తుంది, పబ్లిక్‌లో ఫైర్‌వాల్ మామూలుగా దాన్ని రానివ్వదు. పింగ్‌కి (అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని చూసే కమాండ్) జవాబు రాకపోయినా 445 తెరిచే ఉండొచ్చు కాబట్టి పింగ్ ఒక్కదాన్నే నమ్మకండి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేసే చిట్కా జోలికీ పోకండి.

ఇక పాస్‌వర్డ్. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. అడిగిన చోట లాగిన్ పిన్ కొడితే పనిచేయదు, ఎందుకంటే పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కే చెల్లుతుంది. అవతలి కంప్యూటర్‌లోని ఖాతా అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. పాస్‌వర్డ్ లేని ఖాతాతో నెట్‌వర్క్ మీదుగా లోపలికి రానివ్వదు. మధ్యలో పాస్‌వర్డ్ మార్చి ఉంటే పాతదే మళ్లీమళ్లీ వెళ్తుంటుంది. క్రెడెన్షియల్ మేనేజర్‌లో విండోస్ క్రెడెన్షియల్స్ కింద ఆ కంప్యూటర్ ఎంట్రీ తీసేయండి. 1219 ఎర్రర్ వస్తే అదే కంప్యూటర్‌కి వేరే యూజర్ పేరుతో కనెక్షన్ ముందే ఉందని అర్థం. సైనవుట్ చేసి మళ్లీ రండి.

తెరుచుకుంటోంది గానీ సేవ్ కావడం లేదంటే పర్మిషన్లు చూడాలి. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్, సెక్యూరిటీ ట్యాబ్ రెండూ వర్తిస్తాయి, ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది. అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లో 'ఎవ్రీవన్'కి మొదట ఉండేది రీడ్ మాత్రమే. అక్కడ 'ఛేంజ్', సెక్యూరిటీలో ఆ యూజర్‌కి 'మాడిఫై' ఇవ్వండి.

పాత నాస్ డబ్బా (నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజ్ పరికరం) ఒక్కటే మొరాయిస్తుంటే అది ఫైల్ షేరింగ్ పద్ధతి ఎస్ఎంబీలో పాతదైన ఎస్ఎంబీ 1 మాత్రమే మాట్లాడేదై ఉండొచ్చు. ఎస్ఎంబీ 1ని విండోస్‌లో ఆన్ చేయకండి. 2017లో వన్నాక్రై రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పాకింది ఆ దారినే. నాస్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి ఎస్ఎంబీ 2 లేదా 3 ఎంచుకోండి. విండోస్ 11 ప్రో 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక తెరుచుకోవడం మానేస్తే, గెస్ట్ లాగిన్‌ని (పాస్‌వర్డ్ లేకుండా లోపలికి రావడం) అది ఒప్పుకోకపోవడం కారణం కావచ్చు; నాస్‌లో యూజర్, పాస్‌వర్డ్ పెట్టండి.

ఆఫీసులో కొందరికి వచ్చి మిగతావాళ్లకి రాకపోతే లెక్క చూడండి: మామూలు విండోస్ 10, 11 కంప్యూటర్‌కి ఒకేసారి 20 కనెక్షన్లే. అది దాటితే సర్వరో నాసో కావాల్సిందే.