చెవితో పిట్టను పట్టడం – 5వ పాఠం: వెదురు పొదలో నల గణం

పోయిన పాఠంలో కంసాలి పిట్టను చెవితో వెతకమన్నాను. "టుక్ టుక్" ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి వస్తోందని తికమకపడ్డారా? పిట్ట ఒకటే. కూస్తూ తల అటూ ఇటూ తిప్పుతుంది, అంతే. అది కనీసం ఎండుకొమ్మ చివర కూర్చుని కనిపిస్తుంది. ఈసారి పిట్ట అలా కాదు.

దీని పేరు స్లెండర్-బిల్డ్ సిమిటార్ బాబ్లర్. మనం సన్నముక్కు కొడవలి పిట్ట అనుకుందాం. తూర్పు హిమాలయాల్లో, ఎత్తైన కొండల మీద, దట్టమైన వెదురు పొదల్లో ఉంటుంది. బూడిదరంగు తల, కంటిపైన సన్నటి తెల్లనామం, ఇటుకరంగు పొట్ట. ముక్కు తలకంటే పొడుగు, కొడవలిలా కిందికి వంగి ఉంటుంది. ఇవన్నీ బొమ్మ చూసి చెప్పగలం. పొదలో మాత్రం పది అడుగుల దూరంలో ఉన్నా ఆకు కదలడమే కనిపిస్తుంది. డార్జిలింగ్ పైన సింగలీలాలో మొదటిసారి నేను రెండు గంటలు బైనాక్యులర్స్ దించకుండా నిలబడ్డాను. మెడనొప్పి మిగిలింది. అది మాత్రం ఆ రెండు గంటలూ కూస్తూనే ఉంది!

అక్కడ మలింగో అనే సన్నవెదురు మనిషి ఎత్తుకు మించి, గోడ కట్టినట్టు పెరుగుతుంది. ఎర్రపాండా తినేది ఆ ఆకునే. అందులోకి దూరి వెతకడం కుదరదు, దూరకూడదు కూడా. బాటమీదే నిలబడి వినాలి.

విన్నదాన్ని రాసుకోవడం ఎలా? ఇంగ్లీషు పుస్తకాల్లోని అక్షరాలు మన నోటికి పట్టవు. స్కూల్లో నేర్చుకున్న గురులఘువులు తీయండి. సీసపద్యంలో నల గణం గుర్తుందా, నాలుగు లఘువులు? ఈ పిట్ట కూత అచ్చం అలాంటి లఘువుల పరుగు: "పుపుపుపుపుపు". ఒకే శ్రుతి, గబగబా, ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు మెత్తగా ఉంటుంది. గురువు ఒక్కటీ ఉండదు.

అదే కొండల్లో దీని చుట్టం, స్ట్రీక్-బ్రెస్టెడ్ సిమిటార్ బాబ్లర్, తరచుగా వినిపిస్తుంది. దాని కూత చాలాసార్లు మూడే: "హు, హు, హు". న గణం. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. గొంతు ఒకేలా అనిపిస్తుంది కాబట్టి గొంతును నమ్మకండి, లెక్కపెట్టండి. ఒక్కసారి విని తేల్చకండి, ఐదు కూతలైనా రాసుకోండి. పిట్ట బయటికి వస్తే పసుపు ముక్కు చుట్టానిది.

ఇప్పుడు చోటు పట్టడం. కళ్లు మూసుకోండి. రెండు అరచేతులూ దొప్పలా చెవుల వెనక పెట్టి తల మెల్లగా తిప్పండి. కూత ఎక్కడ గట్టిగా వినిపిస్తే అటు చెయ్యి చాపి, ఆ వైపున్న చెట్టునో బండనో గుర్తుపెట్టుకోండి. బాటమీదే ఇరవై అడుగులు పక్కకు నడిచి, మళ్లీ అదే పని చేయండి. రెండు గీతలూ కలిసేచోట పిట్ట ఉంటుంది. ఈలోగా అది జరిగిపోతే మొదటికి రావాలి. చాలాసార్లు జరిగిపోతుంది లెండి.

ఫోన్‌లో దాని కూత పెట్టి బయటికి రప్పించొచ్చు కదా అంటారు. వద్దు. ఇంకో మగపిట్ట తన జాగాలోకి వచ్చిందనుకుని, గూడు పని మానేసి కొట్లాటకు వస్తుంది. ఆ ఫొటో నాకు అక్కర్లేదు.

హిమాలయాల దాకా వెళ్లాలా అని టెన్షన్ పడకండి. కొడవలి పిట్టల్లో ఒకటి మన శేషాచలంలో, నల్లమలలో ఉంది: ఇండియన్ సిమిటార్ బాబ్లర్. పసుపు ముక్కు, తెల్లటి గొంతు, ఇదీ పొదలోనే. మగది "ఊప్-పుపుపు" అంటుంది. అంటే భ గణం, పైన ఒక లఘువు. వెంటనే ఆడది "క్రు-క్రు" అని అందుకుంటుంది. మధ్యలో ఎడం ఎంత తక్కువంటే ఒకే పిట్ట కూసిందనుకుంటాం.

అభ్యాసం: తలకోన వైపు వెళ్తే తెల్లవారగానే బాటపక్కన అరగంట నిలబడండి. ప్రతి కూతనూ గురులఘువుల్లో రాయండి. ఆడది అందుకున్నచోట అడ్డగీత గీయండి. రెండుచోట్ల నుంచి చెయ్యి చాపిన గీతలు కూడా ఆ పేజీలోనే వేయండి. పిట్ట కనిపించిందా లేదా అన్నది రాయనక్కర్లేదు.