రోజూ పప్పేనా? గోదావరి నుంచి కొత్తగా విదేశం వెళ్లినవారి రాత్రి వంటకు కొన్ని సూచనలు

మన కోనసీమ నుంచి, అటు భీమవరం, పాలకొల్లు వైపు నుంచి విదేశం వెళ్లిన కుటుంబాలకి మొదటి నెల వంట గురించి పెద్దగా బెంగ ఉండదు. సూట్‌కేసులో వచ్చిన ఆవకాయ, కందిపొడి, అమ్మ కట్టి ఇచ్చిన వడియాలు రోజులు నడిపించేస్తాయి. రెండో నెలలో మొదలవుతుంది అసలు ఇబ్బంది. సోమవారం పప్పు, మంగళవారం కోడిగుడ్డు కూర, బుధవారం బంగాళాదుంప వేపుడు, గురువారం మళ్లీ పప్పు. పిల్లలు కంచం ముందు కూర్చుని "మళ్లీ ఇదేనా" అంటారు. ఆఫీసు నుంచి అలిసి వచ్చి వండినవాళ్లకి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో నాకు తెలుసు. టెక్సాస్‌లో చాలా ఏళ్లు కాపురం ఉండి అమలాపురం తిరిగి వచ్చాను. మా వీధి నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వెళ్లిన పిల్లలు ఫోన్ చేసినప్పుడు ఎక్కువగా అడిగేది ఈ సంగతే. అందుకని అందరికీ పనికొచ్చేలా రాస్తున్నాను.

ముందు ఒకటి గమనించండి. ఇక్కడ ఉన్నప్పుడు రోజుకో కూర ఎలా కుదిరేది? మనం కూర్చుని ఆలోచించలేదు. అది గుమ్మంలోకే వచ్చేది. వేసవిలో మామిడికాయలు, పనసకాయలు. కాలవలకి నీళ్లు ఆపేశాక, మడుగులు మిగిలిన చోట పట్టిన చేపలు. వానలు పడి గోదావరికి ఎర్రనీరు రాగానే పులస చేప మాట. వరద తీసిన గోదావరి లంకల్లో వేసిన వంకాయలు, చిక్కుళ్లు చలికాలం సంతకి దిగేవి. కార్తీక మాసం వస్తే చాలా ఇళ్లలో నీచు బంద్, శనివారం రాత్రి టిఫిన్. పక్కింటి చెట్టు అరటిపువ్వు వేస్తే అందులో మనకీ ఒకటి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్లు పారిన నేల ఇది. సార్వా, దాళ్వా అని రెండు వరి పంటలు, తర్వాత మినుము, పెసర. పొలం మారినప్పుడల్లా కంచం కూడా మారింది.

మీరున్న చోట సూపర్ మార్కెట్‌లో జనవరిలోనూ జూలైలోనూ అవే బెండకాయలు, అవే టమాటాలు. బయట నుంచి మార్పు రావడం ఆగిపోయింది, అంతే. ఆ మార్పుని ఇప్పుడు మీరే వారంలోకి తెచ్చుకోవాలి. దానికి యూట్యూబ్‌లో రోజుకో కొత్త వంట వెతకడం నాకు నచ్చదు. సాయంత్రం ఆరున్నరకి ఇంటికి వచ్చి, ఎప్పుడూ చేయని పాస్తా మొదలుపెడితే టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు. కొత్త వంటలు శనివారం చేసుకోండి. వారం మధ్యలో చేతికి వచ్చిన పద్ధతులనే తిప్పి తిప్పి వాడుకోవాలి.

కూరగాయ మార్చకుండా పద్ధతి మార్చడం మన జిల్లాల వాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య. వంకాయనే తీసుకోండి. ఒకరోజు కొత్తిమీర, పచ్చిమిర్చి, అల్లం నూరి ముద్ద పెట్టి కారం కూర. ఇంకోరోజు ఎండు రొయ్యలతో ఇగురు. మరో వారం పెద్ద వంకాయని ఓవెన్‌లో పైనుంచి సెగ తగిలే బ్రాయిలర్ కింద తొక్క నల్లబడేదాకా కాల్చి, చేత్తో మెదిపి, చింతపండు రసం, బెల్లం, పచ్చి ఉల్లిపాయ ముక్కలు కలిపి పచ్చిపులుసు. అక్కడ దొరికే లావు వంకాయ దీనికి చాలా బాగుంటుంది. గుత్తి వంకాయకి మాత్రం పనికిరాదు, దానికి ఇండియన్ షాపులో చిన్నవే కొనండి. పొడుగ్గా లేత ఊదా రంగులో ఉండే చైనా వంకాయ కారం కూరకి సరిపోతుంది, తొందరగా ఉడుకుతుంది కూడా. ఒక్క కూరగాయతో మూడు రాత్రులు గడిచాయి, ఏ రెండు రాత్రులూ ఒకలా లేవు.

నా మాట విని ఒక్క పద్ధతి గట్టిగా పట్టుకోండి: ఆవ పెట్టడం. ఇక్కడ అరటికాయకి, పనసపొట్టుకి, కంద బచ్చలికి ఆవ పెడతాం కదా. అదే ఆవ క్యాబేజీకి, బ్రసెల్స్ స్ప్రౌట్స్‌కి, కాలీఫ్లవర్‌కి పెట్టి చూడండి. ఒక చెంచా ఆవాలు కాసేపు నానబెట్టి, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు వేసి మెత్తగా నూరండి. కూరలో చింతపండు పులుసు ఇగిరి, పోపు పెట్టడం అయ్యాక పొయ్యి ఆపేసి, కాస్త ఆవిరి తగ్గాక అప్పుడు కలపాలి. మంట మీద కలిపితే చేదెక్కుతుంది. కలిపిన గంటకి ఘాటు ఊరుతుంది. పిల్లలకి ముక్కుకి తగులుతుందనుకుంటే వాళ్ల వాటా ముందే తీసి పెట్టండి.

ఇలాగే నువ్వుల పొడి ఒక దారి, పచ్చికొబ్బరి ఒక దారి, బెల్లం పులుసు ఒక దారి, పెసరపప్పు చల్లి పొడికూర చేయడం ఒక దారి. ఫ్రీజర్‌లో దొరికే తురిమిన కొబ్బరి ప్యాకెట్టు ఎప్పుడూ ఉంచుకోండి. అంబాజీపేట కాయ రుచి దానికి రాదు గానీ, రాత్రి ఏడింటికి కొబ్బరికాయ కొట్టి తురుముకునే ఓపిక ఎవరికుంటుంది?

ఇక షాపుల సంగతి. కొత్తగా వెళ్లినవాళ్లు ఇండియన్ షాపు ఒక్కటే తమదనుకుంటారు. మన డెల్టా కూరగాయలు వియత్నాం వాళ్ల దుకాణాల్లో, చైనా దుకాణాల్లో ఎక్కువ దొరుకుతాయి. వాళ్లవీ నదుల పక్కన వరి పండే నేలలే కాబట్టి బచ్చలి, తోటకూర, బీరకాయ, సొరకాయ, కాకరకాయ, చేమదుంప, అరటిపువ్వు అన్నీ వాళ్ల వంటలోనూ ఉన్నాయి. సొరకాయ మీద ఓపో అని రాసి ఉంటే కంగారు పడొద్దు. పనసపొట్టు కోసం అక్కడ డబ్బాల్లో లేత పనస దొరుకుతుంది. ఉప్పునీళ్లలో ఊరినదే తీసుకోవాలి. పాకంలో ఉన్నది పండు, కూరకి పనికిరాదు. నీళ్లు వంపేసి, కడిగి, గట్టిగా పిండి, మిక్సీలో ఒక్కసారి తిప్పితే పొట్టు తయారు. పెళ్లి భోజనంలో తినే కూర మంగళవారం రాత్రి అరగంటలో కంచంలో పడుతుంది. కంద ఇండియన్ షాపు ఫ్రీజర్‌లో సూరన్ పేరుతో ముక్కలుగా ఉంటుంది. దానికి వియత్నాం బచ్చలి కలిపితే కంద బచ్చలి.

మెక్సికో వాళ్ల దుకాణానికీ నెలకోసారి వెళ్లండి. పచ్చి అరటికాయల్లాంటి ప్లాంటేన్లు ఉంటాయి. మన కూర అరటి కంటే పిండి ఎక్కువ, కాబట్టి వేపుడుకి బాగుంటాయి. వెర్డోలాగస్ అని కట్టలు కనిపిస్తే అది మన గంగపాయల కూర, పప్పులో వేసుకోండి. టొమాటిల్లో అనే పచ్చటి కాయ పుల్లగా ఉంటుంది. పచ్చిమిర్చితో నూనెలో మగ్గించి వెల్లుల్లి వేసి నూరితే రోటి పచ్చడి, కందిపప్పులో వేస్తే పులుపు పప్పు.

పప్పు రోజూ విసుగు తెప్పించడానికి సగం కారణం పులుపు మారకపోవడమే. ఎప్పుడూ టమాటా పప్పే అయితే ఎవరికైనా మొహం మొత్తుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి అక్కడి కాలాలు కూడా పులుపులు ఇస్తాయి. వసంతంలో రూబార్బ్ కాడలు వస్తాయి, తోటకూర కాడలా ఎర్రగా ఉంటాయి. ముక్కలు కోసి వేస్తే క్షణాల్లో కరిగిపోతాయి. దాని ఆకులు మాత్రం విషం, ఎవరి పెరట్లోదైనా తెచ్చుకుంటే ఆకు మొత్తం పారేయాలి. శరదృతువులో క్రాన్‌బెర్రీలు సంచుల్లో వస్తాయి. క్రాన్‌బెర్రీ పప్పు, క్రాన్‌బెర్రీ పచ్చడి అక్కడి తెలుగిళ్లలో ఇప్పుడు మామూలు వంటలే. కడగకుండా సంచి సంచీ ఫ్రీజర్‌లో పడేస్తే చాలా నెలలు ఉంటాయి. మామిడికాయ దొరకనప్పుడు గ్రానీ స్మిత్ ఆపిల్ వాడొచ్చు. పప్పు ఉడికిపోయాక, చివర్లో వేసి ఒక్క పొంగు రానివ్వండి, లేకపోతే ముక్క మిగలదు. అక్టోబర్‌లో గుమ్మడికాయలు కుప్పలు పోసినప్పుడు బటర్‌నట్ గుమ్మడి తెచ్చి బెల్లం వేసి దప్పళం పెట్టండి. ఆ వారం పిల్లలు కూడా సంబరంగా తింటారు.

చేపలు, రొయ్యలు లేకపోతే మనవాళ్లకి ముద్ద దిగదు. ఫ్రోజెన్ రొయ్యల ప్యాకెట్టు తిప్పి చూడండి, చాలాసార్లు ఇండియా సరుకే. దేశంలో రొయ్యల సాగులో ముందున్నది మన రాష్ట్రం కాబట్టి అవి భీమవరం చెరువుల్లోంచే వచ్చి ఉండొచ్చు. ఉడికించినవి కాకుండా పచ్చివే కొనాలి, ఉడికించినవి కూరలో రబ్బరైపోతాయి. చన్నీళ్లలో వేస్తే కాసేపట్లో విడిపోతాయి, ఇగురులో అయిదారు నిమిషాలు చాలు. వారం మధ్యలో ఇంతకంటే తేలికైన నీచు కూర లేదు. ఒకసారి గోంగూరతో, ఒకసారి సొరకాయతో, ఒకసారి మామిడికాయతో.

పులస మీద బెంగ ఉన్నవాళ్లు బంగ్లాదేశ్ వాళ్ల షాపులో ఇలిష్ అడగండి. చేప జాతి అదే. సముద్రం నుంచి గోదావరికి ఎదురీదిన రుచి మాత్రం దానిలో ఆశించకండి. బెండకాయలు వేసి పులుసు పెట్టుకుంటే మనసు కుదుటపడుతుంది. ముళ్లు ఎక్కువ కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో హడావిడి రాత్రి వద్దు, ఆదివారం మధ్యాహ్నం కూర్చుని తినండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి ఈ కష్టాలు తక్కువ. కువైట్‌లో జుబైదీ అనేది మన చందువాయే, కేరళ వాళ్ల దుకాణాల్లో కొబ్బరికాయలు, అరటిపువ్వులు తాజాగా ఉంటాయి. అపార్ట్‌మెంట్లలో చేప వాసన గొడవ ఉంటుంది. వేపుడు కంటే పులుసుకి వాసన తక్కువ, కిటికీ తెరిచి వండండి.

పోపు పొగకి అలారం మోగడం కొత్తవాళ్లందరికీ ఎదురవుతుంది. కరెంటు పొయ్యి కాయిల్ ఆపినా చల్లారదు, ఆవాలు చిటపటలాడగానే మూకుడు పక్కకి దించేయండి. ఎండుమిరపకాయలు చివర్న వేసి మూత పెట్టండి. అలారం బ్యాటరీ పీకేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, అది ప్రాణాలకి సంబంధించిన విషయం.

ఆదివారం గంటసేపు పెట్టుకుంటే మిగతా వారం సులువు. చింతపండు గుజ్జు తీసి సీసాలో పెట్టుకోవడం, అల్లం వెల్లుల్లి నూరుకోవడం, ఉల్లిపాయలు బాగా వేయించి రెండు డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టడం, ఒక రోటి పచ్చడి చేయడం. పచ్చడి చాలా ముఖ్యం అండి. బీరకాయ పొట్టు పచ్చడో, కంది పచ్చడో ఉంటే ఆ రోజు కూర కొంచెం చప్పగా ఉన్నా భోజనం నిండుగా అనిపిస్తుంది. చల్ల మిరపకాయలు నాలుగు వేయించినా అంతే.

వారంలో ఒక రాత్రి అన్నం మానేసి టిఫిన్ పెట్టుకోండి. శనివారమే కానక్కర్లేదు. దిబ్బరొట్టె వేస్తే పిల్లలు ముక్కలు కోసుకుని తింటారు. ఒక వంతు మినప్పప్పుకి రెండు వంతుల బియ్యపు రవ్వ, మందపాటి మూకుడు, మూత, సన్న సెగ. అక్కడ దొరికే క్యాస్ట్ ఐరన్ మూకుడు దీనికోసమే చేసినట్టుంటుంది. బెల్లం పాకంతో ఇస్తే పిల్లలు ఇంకోటి అడుగుతారు. రుబ్బుకోలేని రోజు ఉప్పుడు పిండి: బియ్యపు రవ్వ, గుప్పెడు పెసరపప్పు, జీలకర్ర, ఇంగువ పోపు, ఒక పచ్చడి.

పిల్లల ఆకలి వేళ కూడా మారుతుంది. అమెరికా బడుల్లో మధ్యాహ్న భోజనం బాగా ముందే పెడతారు. మూడున్నరకి ఇంటికొచ్చేసరికి నకనకలాడుతుంటారు. అప్పుడు చిప్స్ తినేస్తే రాత్రి మీరు ఏం వండినా ముట్టరు. ఆ వేళ పెరుగన్నమో, ముందు రోజు దిబ్బరొట్టె ముక్కో పెట్టండి. కొత్త కూర చేసిన రాత్రి పక్కన వాళ్లకి ఇష్టమైనది ఒకటి ఉండాలి, వేయించిన అప్పడమైనా సరే. కొత్తది ఒక్క ముద్ద తింటే చాలు, బలవంతం వద్దు.

ఇంకొక పని తప్పకుండా చేయండి. మన ఊళ్లో కూర గిన్నె గోడ మీంచి పక్కింటికి వెళ్లడం, ఖాళీగా కాకుండా ఏదో ఒకటి నింపుకుని తిరిగి రావడం అందరం చూసిందే. మీ కాంప్లెక్స్‌లో రెండు మూడు తెలుగు కుటుంబాలు ఉంటే బుధవారం ఒక్కో ఇంట్లో ఒక కూర రెట్టింపు వండి మార్చుకోండి. రాజమండ్రి వాళ్లింటి మజ్జిగ పులుసు, గుంటూరు వాళ్లింటి గోంగూర, కరీంనగర్ వాళ్లింటి సర్వపిండి మీ బల్ల మీదకి వస్తాయి. వేరుశనగ, జీడిపప్పు పడని పిల్లలున్నారేమో ముందు అడిగి, ఏమేం వేశారో చెప్పి పంపండి. కూర వండినది అక్కయ్యా, బావగారా అన్న పట్టింపు పెట్టుకోకండి. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో ఇద్దరూ వండాలి. వంట చేసే చెయ్యి మారినా రుచి మారుతుంది.

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తుంటే మామిడి ఒరుగులు, గుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు, ఆత్రేయపురం తాండ్ర అడగండి. ఒరుగులు చలికాలంలో పప్పులోకి, పులుసులోకి పనికొస్తాయి. అమెరికా వచ్చేవాళ్లు పచ్చి కరివేపాకు, తాజా పళ్లు, విత్తనాలు తేవొద్దు. కరివేపాకుని అక్కడ ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. తెచ్చిన తినే వస్తువులన్నీ అక్కడి అధికారులకి ముందే చెప్పమనండి, అడిగితే సంచి విప్పి చూపించమనండి. చెప్పి చూపించినవాటిలో ఏదైనా వద్దంటే అది తీసుకుని మనల్ని పంపేస్తారు. దాచి దొరికితే జరిమానా.