స్ట్రోక్ సీటీలో ఆస్పెక్ట్స్ స్కోర్ వేసేదెలా

క్యాజువాలిటీలో నైట్ డ్యూటీ చేసే పీజీల కోసం ఇది. ఆస్పెక్ట్స్ అంటే స్ట్రోక్‌లో మెదడు ఎంత దెబ్బతిందో సీటీ చూసి పదికి వేసే స్కోర్, తగ్గేకొద్దీ దెబ్బ ఎక్కువన్నమాట. ప్లెయిన్ సీటీ రాగానే ముందు బ్లీడ్ లేదని చూస్కోండి, ఉంటే ఈ స్కోర్‌తో పనే లేదు. తర్వాత విండో (స్క్రీన్ మీద నలుపు తెలుపుల సెట్టింగ్) మార్చండి, విడ్త్ 40 లెవెల్ 40 దగ్గర పెడితే మామూలు విండోలో దొరకని తేడా కూడా పట్టిస్తుంది, చాలామంది ఇది చేయకే మిస్సవుతారు.

2000లో కెనడాలోని కాల్గరీ టీమ్ ఇచ్చిన పద్ధతి ఇది, మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ (మెదడు పక్క భాగానికి రక్తం ఇచ్చే పెద్ద నాళం) ఏరియాని 10 భాగాలు చేశారు. బేసల్ గాంగ్లియా లెవెల్లో కాడేట్, లెంటిఫామ్, ఇంటర్నల్ క్యాప్సూల్, ఇన్సులా, మెదడు పైపొర భాగాలైన ఎం1, ఎం2, ఎం3, ఇంకాస్త పైన ఎం4 నుంచి ఎం6. పదితో మొదలెట్టి, కొత్తగా దెబ్బతిన్న ఒక్కో భాగానికి ఒక్కోటి తీసేయడమే.

నేనైతే ఫస్ట్ ఇన్సులానే చూస్తా, అక్కడి సన్నటి గ్రే అంచు ఒకవైపు చెరిగిపోయి పక్కన వైట్ మ్యాటర్‌లో కలిసిపోయినట్టుంటే పాయింట్ పోయినట్టే. రెండో వైపుతో పోల్చకుండా మాత్రం చెప్పొద్దు, తల వంకరగా పడుకోబెట్టి తీసుంటే ఇంకా జాగ్రత్త. నీళ్లంత నల్లగా ఉన్న పాత ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక ఎప్పుడో చచ్చిపోయిన భాగం) లెక్కలోకి రాదు.

స్కోర్ 6 లేదా ఆ పైన ఉండి, యాంజియోలో (రక్తనాళాల స్కాన్) పెద్ద నాళం మూసుకుపోయుంటే త్రాంబెక్టమీ (నాళంలోంచి గడ్డని బయటికి లాగేసే ప్రొసీజర్) టీమ్‌ని వెంటనే లేపండి. 3 నుంచి 5 వచ్చినా వద్దనేయకండి ప్లీజ్, 2022, 2023లో వచ్చిన ట్రయల్స్‌లో వాళ్లకీ లాభం కనపడింది. నాలుగున్నర గంటల్లోపు వచ్చిన పేషెంట్‌కి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాల్సుంటే స్కోర్ లెక్కపెడుతూ దాన్ని లేట్ చేయొద్దు.