పెద్ద బాతుని కుక్క కరిస్తే: ముందు కడగండి, మందు తర్వాత

మా కోనసీమ కొబ్బరితోటలో కాపలాకి కుక్క కంటే పెద్ద బాతే (గూస్) నయం. కొత్త మనిషి అలికిడైతే చాలు, మెడ సాచి బుసకొడుతూ మీదికొచ్చేస్తుంది. ఆ పొగరే దాని కొంప ముంచేది, వీధికుక్కనీ వదలదు మరి. అందుకే మా దొడ్లో గాయాలన్నీ దాదాపు మగబాతులకే, అదీ రెక్క మొదట్లోనో వీపు మీదో.

ఈ గాయం పైకి కనపడదు. తెల్ల ఈకల మీద చిన్న నెత్తుటి మరకే ఉంటుంది, కింద చూస్తే అరచేయంత తోలు లేచిపోయి ఉంటుంది. పట్టుకుని చూడాల్సిందే. మెడ పట్టి లేపొద్దు, కాళ్ళు పట్టి వేలాడదీయొద్దు. వెనక నుంచి రెక్కలు రెండూ ఒంటికి అదిమి, తల వెనక్కి ఉండేలా చంకలో ఇరికించుకోండి. తల మీద పాత తువ్వాలు కప్పితే గింజుకోవడం తగ్గుతుంది. రొమ్ము మాత్రం నొక్కొద్దు, అది లేచి పడుతుంటేనే దానికి ఊపిరాడుతుంది. మా ఇంట్లో పట్టుకునే పని తమ్ముడిది. తువ్వాలు జారిందంటే "తొడపాశం పెడుతోందే అక్కా, తొందరగా కానీ!" అని ఒకటే గోల.

పక్షులకు రేబిస్ భయం లేదనే చెప్పొచ్చు. కానీ ఈకల మీద కుక్క చొంగ ఉంటుంది కాబట్టి మీరు గ్లౌజులు వేసుకోండి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు అదిమి పట్టండి. మధ్యలో ఎత్తి చూడకండి. ఆగాక గాయం చుట్టూ ఈకలు కత్తిరించండి. పీకితే తోలు ఇంకా చిరుగుతుంది. ఇక కడగడం. అసలు వైద్యం ఇదే. మందుల షాపులో దొరికే సెలైన్ సీసా చాలు. లేదంటే లీటరు నీళ్ళు మరిగించి 9 గ్రాములు, అంటే చిన్న చెంచాతో ఒకటిన్నర ఉప్పు కలిపి, గోరువెచ్చగా చల్లార్చండి. సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజితో, మట్టీ ఈకముక్కలూ పోయేదాకా చిమ్మండి. పంటి గాటు పైకి చిన్నదే అయినా లోతు ఉంటుంది, కుట్లు వేసి మూసేస్తే కుళ్ళు లోపలే ఉండిపోతుంది. వీపు మీద గాటులోంచి గాలి బుడగలొస్తే మాత్రం నీళ్ళు పొయ్యొద్దు. ఊపిరి గాలి నిండే లోపలి గాలితిత్తి చిరిగిందన్నమాట, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికే. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు.

కడిగాక బెటాడిన్ ద్రావణాన్ని నీళ్ళలో పల్చటి టీ రంగొచ్చేలా కలిపి గాజు గుడ్డతో అద్దండి. దూది వద్దు, పోగులు అంటుకుపోతాయి. పసుపు, సున్నం, కిరోసిన్, ముక్కుపొడి... ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. పసుపు ఒంటికి మంచిదే కావచ్చు, పుండు మీద గట్టిపడితే కింద ఏం జరుగుతోందో తెలీదు. కిరోసినైతే ఆ దరిదాపులకే రానివ్వకండి. నొప్పికని మన మాత్రలూ వెయ్యకండి. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల్ని ఊడ్చిపెట్టేసింది. అందుకే 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు.

మా వైపు ఉక్కకి అసలు శత్రువు ఈగ. అది పెట్టిన గుడ్లు ఒక్క రోజులోనే పురుగులవుతాయి. గాయం మానేదాకా బాతుని దోమతెర కట్టిన గంప కింద, పొడి గడ్డి మీద ఉంచండి. జోడీబాతు మాత్రం కళ్ళెదుట ఉండాలి, లేకపోతే బెంగపెట్టుకుని మేత మానేస్తుంది. చెరువులోకి వదలొద్దు. ముక్కు మునిగేంత లోతు గిన్నెలో తాగే నీళ్ళు పెడితే చాలు. తవుడు, నూకలు, తరిగిన తోటకూర వేస్తే తినేస్తుంది.

రోజుకి రెండుసార్లు గాయం చూడండి. రెండు మూడు రోజులకి చుట్టూ చర్మం ఆకుపచ్చగా మారితే కంగారుపడకండి. పక్షుల్లో కమిలిన చోట రంగు అలాగే తిరుగుతుంది. వాసన వేస్తే, పుండులో పురుగు కనపడితే, మేత ముట్టకపోతే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. పక్షుల చీము మనకిలా కారదు, పసుపుపచ్చగా ముద్దకడుతుంది. దాన్ని డాక్టరే తియ్యాలి. కుక్కకాటు లోతుగా ఉంటే యాంటీబయాటిక్ కూడా ఆయన రాయాల్సిందే. ఆడబాతైతే ఆ మందు వేసినన్నాళ్ళూ, మానేశాక ఆయన చెప్పినన్ని రోజులూ దాని గుడ్లు వండుకోకండి.