ఏథెన్స్ పాత నగరాన్ని ఒక్క రోజులో ఎలా చూడాలి?

ఏథెన్స్ ఆధునిక గ్రీసుకు రాజధాని అయింది 1834లో. ఊరు మాత్రం వేల ఏళ్ల నాటిది. ముఖ్యమైన పాత కట్టడాలన్నీ అక్రోపోలిస్ కొండ మీదా, దాని చుట్టూ నడిచి వెళ్లేంత దూరంలోనూ ఉన్నాయి. అందుకే ఒక్క రోజు చాలు, కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస కుదరాలి.

ముందుగా టికెట్

అక్రోపోలిస్ టికెట్‌ను ఆన్‌లైన్‌లో టైమ్ స్లాట్‌తో సహా కొనుక్కోండి. ఉదయం 8 గంటల స్లాట్ దొరికితే వదలొద్దు. పైన నీడ లేదు. ఎండలు ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తుంటారు కూడా. జారని షూ వేసుకోండి. జనం నడిచీ నడిచీ అక్కడి పాలరాయి అద్దంలా నున్నబడింది.

ఆగ్నేయ గేటు నుంచి ఎక్కండి

ఎక్కువమంది పడమటి గేటుకే వెళ్తారు. మీరు అక్రోపోలి మెట్రో స్టేషన్ దగ్గరి ఆగ్నేయ గేటు నుంచి వెళ్లండి. దారిలోనే డయోనైసస్ రంగస్థలం వస్తుంది. సోఫోక్లిస్, యూరిపిడిస్ నాటకాలు ఆడింది ఇక్కడే. ముందు వరుసలోని రాతి కుర్చీలు చూసి ముందుకు కదలండి.

పార్థినాన్ దగ్గర తొందరపడకండి

క్రీ.పూ. 447లో మొదలైన ఈ గుడి రెండు వేల ఏళ్లకు పైగా నిలబడింది. 1687లో తుర్కులు లోపల దాచిన తుపాకిమందు మీద వెనీస్ సైన్యం గుండు పడి మధ్యభాగం పేలిపోయింది. ఇంత కాలం నిలిచింది ఒక్క పేలుడుకు కూలిందంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఒక మూలన నిలబడి పునాది మెట్టు అంచు వెంబడి చూపు సారించండి. మెట్టు తిన్నగా ఉండదు, మధ్యలో కాస్త ఉబ్బి ఉంటుంది. పొడవు వైపు ఆ ఉబ్బు దాదాపు 11 సెంటీమీటర్లు. స్తంభాలూ లోపలికి రవ్వంత వాలి ఉంటాయి. తర్వాత రాయి రంగు గమనించండి. తేనె రంగువి పాతవి, తెల్లనివి ఈమధ్య అతికినవి. వెనకటి మరమ్మతుల్లో వాడిన ఇనుప బందులు తుప్పుపట్టి ఉబ్బి రాయినే చీల్చేశాయి. అందుకే ఇప్పుడు టైటానియం వాడుతున్నారు.

పక్కనే ఎరెక్థియాన్ అనే మరో గుడి వరండాను మోస్తున్న ఆరుగురు స్త్రీ మూర్తులు నకళ్లు. అసలువి చూడాలంటే కిందికి దిగాల్సిందే.

ఎండ వేళ మ్యూజియంలో

2009లో తెరిచిన అక్రోపోలిస్ మ్యూజియంలో అసలు మూర్తులు ఐదున్నాయి. ఆరోది లండన్‌లో ఉంది. తప్పకుండా వాటి వెనక్కి వెళ్లండి. వీపు మీదికి జారిన జడల పాయలు ఎంత శ్రద్ధగా చెక్కారో అక్కడే తెలుస్తుంది. పై అంతస్తులో పార్థినాన్ శిల్పాలను గుడి మీద ఉన్న వరసలోనే అమర్చారు. తెల్లటి పోతపోసిన నకళ్లు కనిపించిన చోటల్లా అసలు శిల్పం వేరే దేశంలో ఉందనే అర్థం. అవి తిరిగి రావాలనే నా కోరిక కూడా.

సాయంత్రం అగోరా

సోక్రటీస్ మాట్లాడుతూ తిరిగిన సంత ఇది. హెఫైస్టస్ గుడి దాదాపు చెక్కుచెదరలేదు. 1950లలో తిరిగి కట్టిన అట్టాలస్ మండపంలోని మ్యూజియంలో పేర్లు గీకిన కుండ పెంకులుంటాయి. ప్రాచీన కాలంలో జనం వీటితోనే ఓటేసేవారు. ఎవరి పేరు ఎక్కువ పెంకుల మీద వస్తే ఆ నాయకుడు పదేళ్లు ఊరు విడిచి పోవాల్సి వచ్చేది. వంకర అక్షరాల్లో ఉన్న థెమిస్టోక్లిస్ అనే నాయకుడి పేరును వెతకండి.

ఇంకా టైమ్ మిగిలితే

ఒలింపియన్ జ్యూస్ అనే గ్రీకు దేవుడి గుడిలో 104 స్తంభాలకు 15 నిలిచాయి. 1852 గాలివానకు ఒరిగిన ఒకటి ముక్కలు ముక్కలుగా నేల మీదే ఉంది. అటు వెళ్లే ఓపిక లేకపోతే సూర్యాస్తమయానికి అరియోపాగస్ రాతిగుట్ట ఎక్కండి. పాత రాతిమెట్లు బాగా జారతాయి, పక్కనున్న ఇనుప మెట్లే వాడండి.