పాలలో గులాబీ రంగు పోతే లైపేజ్ పనిచేసినట్టే

కొవ్వును అరిగించే ఎంజైమ్ లైపేజ్ పనితీరును పిల్లలకు కళ్లారా చూపించాలంటే చెన్నైలో దొరికే ఆవిన్ ఫుల్ క్రీమ్ పాలు చాలు.

పరీక్షనాళికలో 5 మి.లీ. పాలు, 5 చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారంలో గులాబీగా మారి, క్షారం తగ్గితే రంగు పోయే సూచిక), 7 మి.లీ. సోడియం కార్బొనేట్ ద్రావణం (100 మి.లీ. నీటికి 0.53 గ్రాములు) పోస్తే చిక్కటి గులాబీ రంగు వస్తుంది. ఆ నాళికనూ, విడిగా అప్పటికప్పుడు కలిపిన 5% లైపేజ్ ద్రావణాన్నీ 37 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. తర్వాత 1 మి.లీ. లైపేజ్ కలిపి టైమర్ నొక్కండి. కొవ్వు విడిపోయి ఆమ్లాలు పుట్టేకొద్దీ గులాబీ పలచబడి పాలు తెల్లబడతాయి. చేత్తో గాలి విసురుకుని వాసన చూస్తే పాడైన వెన్న వాసన. అది బ్యుటిరిక్ ఆమ్లం.

మరిగించి చల్లార్చిన లైపేజ్‌తో రెండో నాళిక తప్పనిసరి. అందులో రంగు పోకూడదు. పోయిందంటే ఎంజైమ్ సరిగా మరగలేదు, లేదా పాలు పులుస్తున్నాయి. మే నెలలో ఫ్రిజ్ బయట పెట్టిన పాలతో ఇది మామూలే. సోడియం కార్బొనేట్ ఎక్కువైతే అసలు నాళిక కూడా తెల్లబడదు.

మన ఒంట్లో జరిగేది ఇంకా అందంగా ఉంటుంది. మనిషి క్లోమ లైపేజ్ 449 అమైనో ఆమ్లాల గొలుసు. కొవ్వును కోసేది ఆ గొలుసులో 152వ స్థానంలోని సెరీన్, 176లోని ఆస్పార్టేట్, 263లోని హిస్టిడిన్ కలిసిన చోటు. దానిపై ఒక మూత ఉంటుంది. కొవ్వు బొట్టు అంచుకు చేరాకే తెరుచుకుంటుంది. పైత్యరస లవణాలు కొవ్వును చిన్న బొట్లుగా చేస్తాయి గానీ లైపేజ్‌ను కూడా పక్కకు నెట్టేస్తాయి. కోలైపేజ్ అనే చిన్న ప్రోటీన్ దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది.