ఇనుప పొయ్యి ఇంటి పాఠాలు – 5: కాలని బండ కింద కాలిన నేల

పోయిన పాఠంలో నేను రాసిన ఒక్క వాక్యం ఇద్దరి ఇళ్ళలో నేల చెడగొట్టింది. చలికి గదిలో పెట్టుకునే కట్టెల పొయ్యి గురించి, "పొయ్యి కింద కాలని వస్తువు ఏదైనా పరవండి, చాలు" అన్నాను. దేవరకొండ నుంచి ఒకాయన ఫోటో పంపాడు. మేడ మీది గదిలో కట్టె రంగు ల్యామినేట్ ఫ్లోరింగ్, దాని మీద వంటింటి గట్టుకు మిగిలిన నల్ల గ్రానైటు ముక్క, దాని మీద పొయ్యి. నెల తర్వాత తుడుద్దామని బండ జరిపితే, సరిగ్గా పొయ్యి అడుగంత గోధుమరంగు మచ్చ. వేలితో నొక్కితే పొరలు లేచాయట. జడ్చర్ల నుంచి రాసినాయన బండ కూడా వేయలేదు, జీఐ రేకు, అంటే జింకు పూసిన ఇనుప రేకు, పరిచి ఊరుకున్నాడు. ఆయనకు నెల కూడా పట్టలేదు.

ఇద్దరూ నా మాట దాటలేదు. గ్రానైటు కాలదు, రేకూ కాలదు. సగం చెప్పి వదిలేసింది నేనే. అందుకని పొగగొట్టం పాఠం పక్కన పెట్టి మళ్ళీ నేల మీదికే వస్తున్నా.

మట్టి మీద వేసిన గచ్చో షాబాద్ బండలో ఉన్న ఇళ్ళవాళ్ళకు ఈ పాఠంతో పెద్ద పని లేదు. పొయ్యి పెట్టుకోండి, కట్టెలు వేసుకోండి. టైల్స్ ఉంటే మాత్రం నాణెంతో తట్టి చూడండి. డొల్ల మోత వస్తే అక్కడ పెట్టొద్దు, వేడికి లేచి పగులుతుంది. మిగతాదంతా ప్లైవుడ్డు, ల్యామినేటు, చెక్కనేల ఉన్నవాళ్ళ కోసం. మన దిక్కున చలి రెండు నెలలే అయినా, చౌటుప్పల్ నుంచి నాగార్జునసాగర్ దాకా కొత్త ఫామ్‌హౌసుల్లో చెక్కనేలలు పెరిగాయి, నాకు పొయ్యి ఆర్డర్లూ అక్కడి నుంచే వస్తున్నాయి.

పొయ్యి కింద పరిచేదాన్ని పరుపు అంటాను. దానికి రెండు పనులు. తలుపు తీసినప్పుడు జారే నిప్పుకణికెను నేలకు తగలనీయకపోవడం ఒకటి. పొయ్యి అడుగు నుంచి రోజంతా దిగే వేడిని చెక్క దాకా పోనీయకపోవడం రెండోది. మొదటి పని పల్చటి రేకు కూడా చేస్తుంది. రెండోది చేయదు. చెక్క మామూలుగా అంటుకోవాలంటే 250 డిగ్రీల పైన వేడి కావాలి. కానీ 100 డిగ్రీల దగ్గర వారాలూ నెలలూ ఉంటే లోపల్లోపల మాడి బొగ్గవుతుంది. అలా మాడిన చెక్క మొదటికంటే తక్కువ వేడికే అంటుకుంటుంది. దేవరకొండ మచ్చ అదే. ఆయన బండ జరిపి చూశాడు కాబట్టి సరిపోయింది.

ఇక నాకు ఒళ్ళు మండే సంగతి. ఎవరిని అడిగినా "గ్రానైటు వేశాం సార్, రాయి కదా" అంటారు. రాయి అయితే ఏంటి? వంటింటి గ్రానైటు గట్టు మీద చెయ్యి పెడితే చల్లగా ఎందుకుంటుంది? మీ చేతి వేడిని గబగబా లాగేసుకుంటుంది కాబట్టి. పొయ్యి వేడిని కూడా అంతే గబగబా లాగి కింద చెక్కకు అందిస్తుంది. లెక్క వేసి చూద్దాం. మందాన్ని మీటర్లలో తీసుకుని, ఆ వస్తువు వేడిని ఎంత తేలిగ్గా పోనిస్తుందో ఆ అంకెతో భాగించండి. వచ్చేది వేడికి దాని అడ్డం. గ్రానైటుకు ఆ అంకె సుమారు 2.8, ఎర్ర ఇటుకకు 0.7, లోపల గాలి బుడగలుండి బరువు తక్కువ ఉండే ఏఏసీ సిమెంటు బ్లాకుకు 0.16. వంటింట్లో వేసే 18 మిల్లీమీటర్ల గ్రానైటుకు అడ్డం 0.0064 వస్తుంది. మూడంగుళాల ఇటుక బల్లపరుపుగా పరిస్తే 0.107. మూడంగుళాల ఏఏసీకి 0.47.

ఇప్పుడు అమెరికా నుంచి అల్లుడు పంపిన పొయ్యి పుస్తకంలో "ఆర్ విలువ 1.2 ఉండాలి" అని ఉందనుకోండి. ఆర్ అంటే వేడికి అడ్డమే, కొలత వేరు. వాళ్ళ ఆర్ మన లెక్కలోకి రావాలంటే 0.176తో గుణించాలి, 0.21 అవుతుంది. ఎర్ర ఇటుక రెండు వరుసలు పరిస్తే దాదాపు సరిపోయింది. ఏఏసీ ఒక్క వరుస చాలు, ఇంకా మిగులుతుంది. గ్రానైటుతో రావాలంటే? ముప్పై మూడు బండలు ఒకదాని మీద ఒకటి పేర్చాలి. దాదాపు రెండడుగుల ఎత్తు. పొయ్యి ఎక్కడానికి మెట్లు కట్టుకోవాలి.

రేకు సంగతి లెక్కే అక్కర్లేదు. ఇనుము అంకె 50 చుట్టుపక్కల ఉంటుంది.

గ్రానైటు వద్దనడం లేదు. పైన అందానికి, కణికెలకు బాగుంటుంది. కింద ఏఏసీ, పైన గ్రానైటు నాకు ఇష్టమైన జోడీ. ఏఏసీ మెత్తన, మూలలు రాలిపోతాయి, దాన్ని ఒక్కదాన్నే వదలొద్దు. అయితే కాళ్ళు లేని పొయ్యిని నేరుగా గ్రానైటు మీద దించకండి. మన వైపు పాతకాలంలో రాళ్ళు కొట్టేవాళ్ళు బండ మీద కట్టెలు పేర్చి, మంట పెట్టి పలకలు లేపేవాళ్ళు. పైపొర వేడికి ఉబ్బి కిందిపొర నుంచి విడిపోతుంది. అదే మీ గదిలో జరగాలా? డిండి వాగులో ఏరుకొచ్చిన గుండ్రాళ్ళు అసలే వద్దు. లోపల తడి ఉంటే ఆవిరై రాయి పేలుతుంది.

పాత సిమెంటు రేకు ముక్క ఉంది, వేయొచ్చా అని ముగ్గురు అడిగారు. వద్దు. అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది, కోస్తే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా బాగా వేడెక్కితే చిటపటలాడి ముక్కలెగురుతాయి.

కొన్న పొయ్యి అయితే దాని పుస్తకంలో ఉన్నదే పాటించండి, నా మాట కాదు. ఇంగ్లండు నిబంధనల్లో, కింద పరిచినదాని పైభాగం 100 డిగ్రీలు దాటనివ్వదని పరీక్షలో తేలిన పొయ్యికి 12 మిల్లీమీటర్ల కాలని పలక చాలు. అలా తేలకపోతే 125 మిల్లీమీటర్ల గట్టి అరుగు కట్టాలి. పలక ఎంతుండాలో పొయ్యే చెబుతుంది. మనలాంటివాళ్ళు షెడ్డులో వెల్డింగు చేసిన పొయ్యికి పుస్తకం ఉండదు కాబట్టి నేను అమెరికా అగ్నిరక్షణ సంఘం వాళ్ళ పొయ్యిల ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211 లెక్క పట్టుకుంటా. కాళ్ళు ఆరంగుళాలు దాటితే రెండంగుళాల గట్టి ఇటుక దగ్గర దగ్గరగా పరిచి, పైన 24 గేజు (గేజు అంటే మందం కొలత) రేకు. కాళ్ళు రెండు నుంచి ఆరంగుళాల మధ్య ఉంటే నాలుగంగుళాల బోలు ఇటుకలు, రంధ్రాలు ఒకే వరుసలో కలిసేలా, రెండు చివర్లూ తెరిచి. గాలి ఆడాలి. సుతారి ఊరికే ఉండడు, చివర్లు నీట్‌గా సిమెంటుతో మూసేస్తాడు. దగ్గరుండి చూసుకోండి. రెండంగుళాల కంటే పొట్టి కాళ్ళ పొయ్యిని చెక్కనేల మీద పెట్టనే వద్దు. పరుపు పొయ్యికి అన్ని వైపులా 18 అంగుళాలు బయటికి రావాలి. గది ఇరుకని తలుపు వైపు తగ్గించేవాళ్ళున్నారు. కణికెలు పడేది ఆ వైపే.

నా సొంత పద్ధతి ఒకటి: పొయ్యి అడుగుకు ఒక అంగుళం ఖాళీ వదిలి కింద ఇంకో రేకు బిగిస్తా. మధ్యలో గాలి ఆడి, కిందికి కొట్టే వేడి చాలా తగ్గుతుంది. బూడిద పళ్ళెం లేని పొయ్యి అయితే లోపల అంగుళం ఇసుక పోస్తా. ఇవి చేశానని పరుపు మందం తగ్గించను.

ఈసారి అభ్యాసం కష్టమే. ఇంట్లో కాదు, పెరట్లో చేయండి. పరుపంతా పట్టేంత ప్లైవుడ్డు ముక్క వేసి, దాని మీద అల్యూమినియం ఫాయిల్ కాగితం, ఆ కాగితం మీద గోరంత కొవ్వొత్తి మైనం మూడు చోట్ల పెట్టండి: పొయ్యి నడుమ కింద, తలుపు ముందు, ఒక మూలన. పైన మీరనుకున్న పరుపంతా పేర్చి, పొయ్యి పెట్టి, మూడు గంటలు ఆపకుండా కట్టెలు వేయండి. పక్కన బకెట్టు నీళ్ళు, ఒక మనిషి ఉండాలి. పూర్తిగా చల్లారాక విప్పండి. మైనం కరిగి ఉంటే అక్కడ 60 డిగ్రీల దాకా చేరినట్టే. కరిగితే ఇంకో వరుస వేసి మళ్ళీ మూడు గంటలు. కరగని రోజు పొయ్యి ఇంట్లోకి తీసుకెళ్ళండి.

దేవరకొండ ఆయన ముందు ఆ మచ్చపడ్డ పలకలు తీయించాలి. వాటి మీదే ఏఏసీ పరుస్తానని నిన్న ఫోన్ చేశాడు. మాడిన చెక్కను పరుపు కింద దాచొద్దు. పొయ్యి వెనక గోడ సంగతి ఆరో పాఠంలో.